ఓడ దిగినచోట రాసిన ఊరి పేరు



ముందుగా ఒక దృశ్యం ఊహించుకోండి. పొద్దున్నే పిడుగురాళ్ల బస్టాండులో ఇద్దరు దిగారు. భార్యాభర్తలు. చూడటానికి మనవాళ్ళలాగే ఉన్నారు. మాట మాత్రం ఇంగ్లీషు. దక్షిణాఫ్రికా నుంచి వచ్చామన్నారు. ఆయన చేతిలో ఒక కాగితం ఉంది. అందులో ఆయన ముత్తాత పేరు, ఆ ముత్తాత తండ్రి పేరు, ఒక ఊరి పేరు ఉన్నాయి. ఆ ఊరికి దారెటని ఒక ఆటో అబ్బాయిని అడిగారు. అతను కాగితం తీసుకుని చదివాడు. "ఇది ఇక్కడ కాదండీ. కృష్ణా జిల్లా అని రాసుంది. విజయవాడ వెళ్ళి అడగండి" అన్నాడు. వాళ్ళు అతనికి నమస్కారం పెట్టి విజయవాడ బస్సెక్కారు.

ఆ అబ్బాయి అబద్ధం చెప్పలేదు. కాగితంలో కృష్ణా జిల్లా అనే ఉంది. అయినా వాళ్ళు వెతుకుతున్న ఊరు మనకు పది కిలోమీటర్ల దూరంలోనే ఉండి ఉండొచ్చు. అదెలాగో ఇవాళ చెబుతాను. నేను చెప్పబోయేది ఒక్కటే సంగతి. ఓడ దిగినచోట రాసుకున్న కాగితాన్ని మనం ఎలా చదవాలి అన్నదే ఆ సంగతి.

ఆ కాగితం ఎక్కడ పుట్టిందో ముందు చూద్దాం.

1860 అక్టోబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ బయల్దేరింది. నవంబరు 16న డర్బన్ చేరింది. డర్బన్ అప్పట్లో నేటాల్ అనే ఇంగ్లీషు వలస రాజ్యానికి రేవు. ఓడలో ఉన్నవాళ్ళు 342 మంది. చెరుకు తోటల్లో పని చేస్తామని ఒప్పందం మీద పోయిన కూలీలు. మన దేశం నుంచి నేటాల్ చేరిన మొట్టమొదటి కూలీ ఓడ అదే. అప్పటి నుంచి 1911 దాకా ఓడలు పోతూనే ఉన్నాయి. మొత్తం 1,52,184 మంది పోయారు. వాళ్ళలో ఇంచుమించు మూడింట రెండు వంతుల మంది మద్రాసులో ఓడెక్కినవాళ్ళే. తమిళులున్నారు. తెలుగువాళ్ళున్నారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు. ఈ జిల్లాల పేర్లన్నీ ఆ ఓడల జాబితాల్లో కనిపిస్తాయి.

ఆ రోజుల్లో మద్రాసుకు కట్టిన రేవు లేదు. అలల మీద మసూలా పడవల్లో ఊగుతూ ఓడ దాకా పోవాలి. అటు డర్బన్‌లో రేవు నోటికి అడ్డంగా ఇసుక మేట ఉండేది. పెద్ద ఓడలు బయట సముద్రంలోనే లంగరు వేసేవి. అక్కణ్ణించి చిన్న పడవల్లో ఒడ్డుకు తెచ్చేవారు. సముద్రం ఎలా ఉంటుందో ఎన్నడూ చూడని మనిషి, వానకోసం ఆకాశం చూస్తూ బతికిన మెట్ట రైతు, ఆ రెండు పడవల మధ్య నెలకు పైగా నీళ్ళ మీద ఉన్నాడు. ఆ భయం ఎంతటిదో ఏ కాగితంలోనూ లేదు.

ఓడ చేరింది. చేరగానే దిగడమేనా? కాదు. రేవుకు రూల్సుండేవి. దిగే ముందు మూడు పనులు జరిగేవి. ముందు డాక్టరు చూడాలి. తర్వాత తలలు లెక్కపెట్టాలి. ఆ తర్వాత పేర్లు రాసుకోవాలి. డాక్టరు, లెక్క, పేరు. ఈ మూడు మాటలు గుర్తుపెట్టుకోండి.

డాక్టరు సంగతి మనకు తేలిగ్గా అర్థమవుతుంది. సంతలో గేదెను కొన్నామనుకోండి. తోలుకొచ్చి నేరుగా మన గొడ్ల చావిట్లో కట్టేస్తామా? తెలిసిన రైతు కట్టెయ్యడు. నాలుగు రోజులు దూరంగా చెట్టుకింద కట్టేస్తాడు. మేత మేస్తోందా, నోట్లో పుండ్లున్నాయా, గిట్టల్లో గాలికుంటు ఉందా అని చూస్తాడు. బాగుందనుకుంటేనే మిగతా గొడ్లతో కలుపుతాడు. రేవులో జరిగేదీ అదే. జబ్బు అనుమానం ఉన్న ఓడ పసుపుపచ్చ జెండా ఎగరేసి దూరంగా ఆగాలి. రేవు డాక్టరు పడవలో వెళ్ళి చూడాలి. ఆయన సరేనంటేనే ఒడ్డుకు రావాలి. దీన్నే క్వారంటైన్ అంటారు. కరోనా రోజుల్లో ఈ మాట మన ఊళ్ళల్లో చిన్నపిల్లలకు కూడా నోటికొచ్చింది.

ఈ రూలు తప్పితే ఏమవుతుందో ఫిజీ దీవుల్లో తెలిసింది. 1875 జనవరిలో డైడో అనే ఇంగ్లీషు యుద్ధనౌక సిడ్నీ నుంచి ఫిజీకి వచ్చింది. ఫిజీ రాజు దకోంబావు, ఆయన కొడుకులు అందులో ఉన్నారు. వాళ్ళకు దారిలో తట్టు పోసింది. ఓడను ఎవరూ ఆపలేదు. జెండా ఎగరేయలేదు. రాజును చూడటానికి ఊరూరి పెద్దలు వచ్చారు. ఆ తట్టును తమతో ఊళ్ళకు పట్టుకుపోయారు. అంతకుముందు తట్టంటే ఏమిటో ఆ దీవుల వాళ్ళ ఒంటికి తెలియదు. కొద్ది నెలల్లో సుమారు 40 వేల మంది చనిపోయారు.

నాలుగేళ్ళ తర్వాత, 1879 మే నెలలో, కలకత్తా నుంచి మొదటి కూలీ ఓడ ఫిజీ వచ్చింది. దాని పేరు లియోనిడాస్. దారిలో కలరా, మశూచి తగిలాయి. ఈసారి ఓడను ఆపారు. అందులోవాళ్ళను యనుచలైలై అనే చిన్న దీవి దగ్గర దాదాపు మూడు నెలలు విడిగా ఉంచారు. తర్వాతే తోటలకు పంపారు. ఆ మూడు నెలలూ వాళ్ళు పడ్డ కష్టం చిన్నది కాదు. అయినా ఆ రూలు సరైనదనే నేనంటాను. ఆ ఓడ వల్ల ఫిజీ ఊళ్ళల్లో మళ్ళీ చావు డప్పు మోగలేదు.

అయితే సరైన రూలు కూడా చెడ్డ చేతుల్లో పడుతుంది. అది డర్బన్‌లోనే జరిగింది. 1896 డిసెంబరులో బొంబాయి నుంచి కోర్లాండు, నాదరీ అనే రెండు ఓడలు వచ్చాయి. కోర్లాండులో గాంధీగారు ఉన్నారు. కస్తూరిబా, పిల్లలు ఉన్నారు. రెండు ఓడల్లో కలిపి సుమారు ఎనిమిది వందల మంది. బొంబాయిలో ప్లేగు ఉంది కాబట్టి ఓడలను ఆపామన్నారు. ఐదు రోజులన్నారు. ఆ ఐదు రోజులు పెరుగుతూ పోయాయి. ఓడలో ప్లేగు రోగి ఒక్కడూ లేడు. ఒడ్డున మాత్రం తెల్లవాళ్ళు సభలు పెట్టి, వీళ్ళను వెనక్కి పంపమని కేకలు వేస్తున్నారు. చివరికి 1897 జనవరి 13న గాని దిగనివ్వలేదు. దిగిన గాంధీగారిని గుంపు కొట్టింది. అదే ఏడాది నేటాల్‌లో ఒక చట్టం వచ్చింది. సొంతంగా వచ్చే మనిషి యూరప్ భాషలో దరఖాస్తు రాయగలిగితేనే లోపలికి రావాలి. తెలుగు, తమిళం, గుజరాతీ ఎంత చదివినా పనికిరావు. ఒప్పందం మీద తెచ్చుకునే కూలీకి మాత్రం ఈ పరీక్ష లేదు. చేతులు కావాలి, చదువుకున్న మనిషి వద్దు. డాక్టరు పేరుతో మొదలుపెట్టిన పనిని చట్టంతో పూర్తిచేశారు. ఇది అన్యాయం. ఇందులో రెండో మాట లేదు.

ఇక రెండో పని, లెక్క. మన పిడుగురాళ్ల వాళ్ళకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. సున్నపు బట్టీ దగ్గర లారీ కాటా ఎక్కుతుంది. ఖాళీ బరువెంత, నిండు బరువెంత అని చూస్తారు. తేడాకు చీటీ ఇస్తారు. ఆ ఓడల్లోనూ ఎక్కేటప్పుడు ఒక లెక్క, దిగేటప్పుడు ఒక లెక్క. మద్రాసులో ఎక్కినవాళ్ళు ఇంతమంది. డర్బన్‌లో దిగినవాళ్ళు ఇంతమంది. ఆ తేడా, దారిలో చనిపోయి సముద్రంలో కలిసినవాళ్ళు. దారిలో పుట్టిన పిల్లలుంటే వాళ్ళను కలుపుతారు. చిన్నపిల్లలను అరమనిషి కింద లెక్కపెట్టేవారు, బస్సులో అరటిక్కెట్టు లాగా. ప్రాణాలతో దిగిన తలకు ఇంత అని ఓడ డాక్టరుకు డబ్బు ముట్టేది. అందుకే ఆ లెక్క అంత గట్టిగా పెట్టేవారు. జాలి ఉన్న డాక్టర్లు లేరని అనను. రూలు మాత్రం జాలి మీద ఆధారపడలేదు.

ఇప్పుడు మూడో పని. పేరు రాసుకోవడం. నేను చెప్పదలచుకున్న సంగతి ఇక్కడుంది. కాస్త నిదానంగా వినండి.

దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చేవారు. గుంటూరు మిర్చి యార్డుకు వెళ్ళినవాళ్ళకు తెలుసు. టిక్కీ అంటే మిర్చి బస్తా. దాని మీద రైతు పేరుంటుంది, లాటు నంబరుంటుంది. అలాగే నేటాల్‌లో దిగిన మనిషికి నంబరు. ట్రూరో ఓడలో వచ్చిన దేవరం అనే మనిషిది ఒకటో నంబరు. ఆ తర్వాత వచ్చినవాళ్ళకు అదే వరసలో లక్షన్నర దాకా నంబర్లు పడ్డాయి. పెళ్ళి రాయించుకున్నా ఆ నంబరే. చనిపోయినా ఆ నంబరే. టిక్కీ నంబరు సరుకు అమ్ముడయ్యాక పోతుంది. ఈ నంబరు మనిషితో చివరిదాకా ఉంది.

నంబరు పక్కన ఏం రాసేవారు? మనిషి పేరు. తండ్రి పేరు. వయసు. ఆడా, మగా. కులం. జిల్లా. తాలూకా. ఊరు. చివరగా ఒంటి మీది గుర్తులు. కుడి మోకాలి మీద మచ్చ, నుదుటి మీద గాటు, ఇలాంటివి. ఇది మనకు కొత్త కాదు. మన పదో తరగతి సర్టిఫికెట్ తీసి చూడండి. పుట్టుమచ్చలు రెండు రాసుంటాయి. అక్కడా అంతే. తోట వదిలి పారిపోతే పట్టుకోవడానికి ఆ మచ్చలు రాసుకున్నారు. పట్టుకోవడానికి రాసిన ఆ మచ్చే ఇవాళ మునిమనవడికి ముత్తాత గురించి మిగిలిన ఒకే ఒక ఆనవాలు. ఫొటో లేదు. ఉత్తరం లేదు. "ఎడమ చేతి మీద మచ్చ" అన్న ఒక్క ముక్క ఉంది. ఆ ముక్క చదివి తన చేతిని తడిమి చూసుకునే మనవడు ఎక్కడో ఉంటాడని నాకనిపిస్తుంది.

ఇందులో ఒకటి లేదు. గమనించారా? ఇంటిపేరు లేదు. మన దగ్గర మనిషిని పట్టుకోవాలంటే ముందు అడిగేది ఇంటిపేరే. "ఎవరింటి అబ్బాయివిరా?" అంటాం. ఆ జాబితాలో ఇంటిపేరుకు గడే లేదు. అందుకని అక్కడ చాలా కుటుంబాల్లో ముత్తాత పేరే ఇంటిపేరైపోయింది. వచ్చినతని పేరు అప్పలస్వామి అనుకోండి. ఇవాళ అతని మునిమనవళ్ళందరి ఇంటిపేరూ అప్పలస్వామే. కొన్నిచోట్ల కులం పేరు నాయుడు, రెడ్డి ఇంటిపేరుగా నిలిచిపోయాయి. కాబట్టి వాళ్ళు చెప్పే ఇంటిపేరుతో మన ఊళ్ళో వెతికితే ఎవరూ దొరకరు. అది మన లెక్కలో ఇంటిపేరు కాదు.

రెండో చిక్కు రాత. మన రేషన్ కార్డులో, ఆధార్ కార్డులో పేరు తప్పుపడితే సరిచేయించుకోవడానికి ఎన్నిసార్లు తిరుగుతామో మీకు తెలుసు. మన పేరు చదవగలిగిన మనిషి రాస్తేనే ఇన్ని తప్పులు. అక్కడ మద్రాసు గుమాస్తా చెవితో విని ఇంగ్లీషులో రాశాడు. దాన్ని డర్బన్ గుమాస్తా చూసి మళ్ళీ రాశాడు. చెప్పినవాడికి చదువు రాదు. తప్పని చెప్పే దారి లేదు. పిడుగురాళ్ల అన్న మాట ఆ ఇద్దరి చేతుల్లో పడి ఎలా తేలి ఉండేదో ఆలోచించండి. ళ అన్న అక్షరం ఇంగ్లీషులో లేదు. అందుకని ఊరి పేరును కళ్ళతో చదవొద్దు. గట్టిగా పైకి చదవండి. నాలుగైదు రకాలుగా పలికి చూడండి. పక్కన ఒక ముసలాయన్ని కూర్చోబెట్టుకుని చదవండి. కన్ను పట్టలేని ఊరిని చెవి పడుతుంది.

ఇక మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది. జిల్లా పేరు.

మన పల్నాడు ఒకప్పుడు గుంటూరు జిల్లాలో ఉండేది. 1859లో ఆ గుంటూరు జిల్లాను తీసేశారు. మన ప్రాంతాన్ని కృష్ణా జిల్లాలో కలిపారు. ట్రూరో ఓడ కదిలింది ఆ మరుసటి ఏడాదే. 1904లో మళ్ళీ గుంటూరు జిల్లా ఏర్పడింది. పల్నాడు తాలూకా తిరిగి గుంటూరులోకి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో మనకు పల్నాడు జిల్లా వచ్చింది. మన ఊళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. నాగులేరు అక్కడే పారుతోంది. జిల్లా పేర్లే మారాయి.

అంటే 1860 నుంచి 1904 దాకా పల్నాడు నుంచి ఎవరు ఓడెక్కినా కాగితంలో కృష్ణా జిల్లా అనే ఉంటుంది. దాన్ని అప్పటి ఇంగ్లీషు రాతలో కిస్ట్నా అని రాసేవారు. మళ్ళీ చెబుతున్నాను. 1904కు ముందు మన ఊరి మనిషి కాగితంలో గుంటూరు అని ఉండదు. పల్నాడు జిల్లా అని అసలే ఉండదు. కృష్ణా అని ఉంటుంది. నరసరావుపేట, వినుకొండ, సత్తెనపల్లి, బాపట్ల వాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. అందుకే జిల్లా పేరు చూసి ఆగిపోవద్దు. దాని పక్కనున్న తాలూకా పేరు చదవండి. అక్కడ పల్నాడు అని ఉంటే, ఆ మనిషి మన మాచర్ల, గురజాల, దాచేపల్లి, పిడుగురాళ్ల వైపు మనిషి.

బస్టాండులో ఆటో అబ్బాయికి తెలియనిది ఇదొక్కటే.

ఎందుకు పోయారని మీరడగొచ్చు. ఒక్క కారణం చెప్పలేం. నేటాల్ ఓడలకు ముందే, 1832, 33ల్లో వచ్చిన నందన కరువును గుంటూరు కరువనే అంటారు. 1876లో ధాత కరువు వచ్చింది. కరువు రోజుల్లో కడుపు నింపే మాట ఎవరు చెప్పినా మనిషి వెంట నడుస్తాడు. అప్పులున్నాయి, కులం బాధలున్నాయి, ఇంట్లో తగాదాలున్నాయి. కూలీలను పోగుచేసే మేస్త్రీల మాయమాటలూ ఉన్నాయి. పోయినవాళ్ళలో అందరూ మోసపోయినవాళ్ళు కారు. తెలిసి, తెగించి పోయినవాళ్ళూ ఉన్నారు.

వాళ్ళు అక్కడ ఊరికే కరిగిపోలేదు. దక్షిణాఫ్రికా తెలుగువాళ్ళు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. మనవాళ్ళు ఇలాగే కూలీలుగా పోయిన మారిషస్‌లో ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉంది. ఆ మారిషస్‌లో, పోర్ట్ లూయీ రేవులో, మనవాళ్ళు దిగి ఎక్కిన పదహారు రాతిమెట్లు ఇవాళ్టికీ ఉన్నాయి. ఆ చోటిని ఆప్రవాసీ ఘాట్ అంటారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అక్కడి జాబితాలను మోకా అనే ఊళ్ళో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ భద్రంగా ఉంచింది. నేటాల్ ఓడల జాబితాలను కంప్యూటర్‌లోకి ఎక్కించారు. అందుకే ఆ కాగితం పట్టుకుని మనుషులు ఇక్కడికి రాగలుగుతున్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నా మనసు ఒప్పుకోదు. రంగం పోయినవాళ్ళ మాట. రంగం అంటే బర్మాలోని రంగూన్. కోరంగి నుంచి, కాకినాడ నుంచి, విశాఖపట్నం నుంచి మనవాళ్ళు వేలూ లక్షలుగా పోయారు. తెలుగువాళ్ళను అక్కడ కోరంగీలని పిలిచేవారు, ఆ రేవు పేరుతోనే. బర్మా 1937 దాకా మన దేశంలో భాగంగానే ఉంది. అందుకని టిక్కెట్టు కొనుక్కుని డెక్కు మీద కూర్చుంటే చాలు. నేటాల్‌లో లాగా ఊరు, తండ్రి పేరు, ఒంటి మచ్చ రాసుకునే జాబితా లేదు. ఒప్పందానికి కట్టుబడి పోయినవాడికి కాగితం మిగిలింది. సొంత డబ్బుతో పోయినవాడికి ఏమీ మిగల్లేదు. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఆ తర్వాత కొన్ని లక్షల మంది అడవుల్లో కొండల్లో నడిచి ఇటు వచ్చారు. దారిలో ఎందరో పోయారు. వాళ్ళ పేర్లు చెప్పే పుస్తకం ఏ రేవులోనూ లేదు. ఉంటే మన ఇళ్ళల్లో ముసలివాళ్ళ నోట్లో ఉండాలి.

అందుకే మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. "మా తాత తమ్ముడు రంగం పోయి మళ్ళీ రాలేదు", "మా అమ్మమ్మవాళ్ళ పెదనాన్న ఓడెక్కాడట" అనే మాట మీ ఇంట్లో వినిపించిందా? ఈ వారంలోనే ఇంట్లో పెద్దవాళ్ళ పక్కన కూర్చుని అడగండి. ఒక నోటు పుస్తకంలో రాయండి. పోయిన మనిషి పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు, ఊరు, తాలూకా రాయండి. ఏ కరువు ఏట పోయాడు, ఎవరితో పోయాడు, ఒంటి మీద గుర్తేమన్నా చెప్పుకునేవారా అని అడిగి అదీ రాయండి. అక్కడివాళ్ళ దగ్గర ఊరి పేరుంది, ఇంటిపేరు లేదు. మన దగ్గర ఇంటిపేరుంది, వాళ్ళు ఎటు పోయారో తెలియదు. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితేనే మనిషి దొరుకుతాడు.

ఇంకొక మాట. ఎప్పుడైనా మన బస్టాండులో పరాయి దేశం నుంచి వచ్చినవాళ్ళు ఒక పాత జాబితా కాగితం మీ చేతికిస్తే, జిల్లా పేరు చూసి తిరిగి ఇచ్చేయకండి. తాలూకా పేరు చదవండి. ఊరి పేరు పైకి పలకండి. అది పల్నాడైతే వాళ్ళను విజయవాడ బస్సెక్కించకండి. ముందు కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వండి.